పేరు మార్చమనేది మొదటి మాట కాకూడదు

ప్రశ్న: మేడమ్, మాది తిరుపతి. ప్రైవేటు ఉద్యోగం చేస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా తెలుగు వికీపీడియాలో రాస్తుంటాను. కొత్తగా చేరినవాళ్లకు సాయం చేసే పని కూడా కొంత నెత్తిన వేసుకున్నాను. రెండు నెలల క్రితం మా స్నేహితులం కొందరం కలిసి ఒక ఆదివారం 20 మందికి రాయడం నేర్పించాం. వాళ్లలో రిటైరైన తెలుగు సార్ ఒకరున్నారు. ఆయన తన ఖాతాకు ‘టీటీడీ సమాచారం’ అని పేరు పెట్టుకున్నారు. వారం తిరక్కుండానే వాళ్ల ఊరి చెరువు మీద చక్కటి పేజీ రాశారు. నేను ఆయన చర్చ పేజీలో, అంటే ఆయనకు మిగతావాళ్లు సందేశాలు రాసే పేజీలో, ‘మీ వాడుకరి పేరు నిబంధనలకు విరుద్ధంగా ఉంది. వెంటనే మార్చుకోండి. లేకపోతే మీ ఖాతాను నిరోధించాల్సి వస్తుంది’ అని రాశాను. ఆ రోజు నుంచి ఆయన మళ్లీ రాలేదు. ఆయన మా పక్కింటివాళ్లకు చుట్టం. ‘నేనేం తప్పు చేసినానమ్మా, దొంగను పట్టుకున్నట్టు మాట్లాడినారు’ అని వాళ్ల దగ్గర బాధపడ్డారట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

ఇంకా కొందరున్నారు. ఒకతను తన ట్రావెల్స్ పేరే ఖాతాకు పెట్టుకున్నాడు. ఒకావిడ తన ఫోన్ నంబరే పేరుగా వేసుకుంది. ఒక కాలేజీ కుర్రాడిది సినిమా హీరో పేరు. ఒక ఖాతాది రాయలేని బూతు. నగరి నుంచి వచ్చిన ఒకమ్మాయి ‘పూలకుండీ’ అని పెట్టుకుంటే, అది అసభ్యంగా ఉంది, మార్పించమని మా బృందంలో ఒకరు పట్టుబడుతున్నారు. నిబంధన పాటించాలి, మనుషులు వెళ్లిపోకూడదు. ఎలా చెప్పాలి?
ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: సార్ తన ఖాతా పేరు మార్చుకోవాల్సిందే. ఆ విషయంలో మీరు పొరబడలేదు, ముందు ఆ బరువు దించుకోండి. ‘టీటీడీ సమాచారం’ అన్న పేరుతో ఒకరు రాస్తుంటే, చదివేవాళ్లు అది దేవస్థానం వాళ్లు రాసిందే అనుకుంటారు. అలా అనుకోనివ్వకూడదు.

ఇప్పుడు మీ సందేశాన్ని ఆయన కుర్చీలో కూర్చుని ఒకసారి చదవండి. కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, రోజుకు రెండు పేరాల చొప్పున ఊరి చెరువు గురించి రాశారు. రాసింది ఎవరైనా చూశారా అని రోజూ తెరిచి చూసుకునే ఉంటారు. ఒక రోజు పైన గంట బొమ్మ పక్కన ఎర్రగా ఒక అంకె వెలిగింది. ఎవరో పలకరించారు. ఆశగా నొక్కి చూస్తే మూడు వాక్యాలు. విరుద్ధం, వెంటనే, నిరోధం. చెరువు ఊసే లేదు. ఆ వెబ్‌సైటులో ఒక మనిషి ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది. జీవితమంతా పిల్లల తప్పులు ఎర్రసిరాతో దిద్ది, పక్కన సరైనది రాసిచ్చిన మనిషి ఆయన. ఆయనకు మాత్రం తప్పేమిటో చెప్పకుండానే శిక్ష చదివి వినిపించారు.

ఇంకొకటి కూడా ఉంది. మన పల్లెల్లో అయివోరిని ఎదురుగా పేరు పెట్టి పిలవరు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్న శిష్యులు కూడా ‘సార్’ అనే అంటారు. అలాంటాయనకు పేరు మార్చుకోమన్న నోటీసు, అదీ నలుగురికీ కనిపించే పేజీలో! మీరు కావాలని చేయలేదని నాకు తెలుసు. ఆ మూడు వాక్యాలు ఎక్కడో సిద్ధంగా ఉన్నవి తెచ్చి అతికించి ఉంటారు. నొప్పి అక్కడి నుంచే వచ్చింది.

అందుకే నా మాట ఒక్కటే. పేరు సంగతి రెండో మాటగా రావాలి. మొదటి మాట వాళ్లు చేసిన పని గురించి ఉండాలి, అదీ చదివినవాళ్లు మాత్రమే చెప్పగలిగిన మాటై ఉండాలి. ‘మీ కృషికి ధన్యవాదాలు’ అనేది ఎవరికైనా అంటించొచ్చు, అంటించారని అవతలివాళ్లకూ తెలిసిపోతుంది. మీరు సార్‌కి ఇలా రాసి ఉంటే ఎలా ఉండేదో చూడండి.

‘సార్, నమస్కారం. ఆ ఆదివారం మీ పక్కన కూర్చుని టైపింగ్ చూపించిన అమ్మాయిని. మీ ఊరి చెరువు పేజీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. చెరువు నిండి మరవ పారిన ఏడు ఊరు ఎలా ఉండేదో మీరు రాసిన పేరా రెండుసార్లు చదువుకున్నాను. చెరువు నీళ్లు పొలాలకు పంచే నీరుగంటి పని గురించి ఇంకొంచెం రాస్తారా? అది తెలిసినవాళ్లు ఇప్పుడు తక్కువైపోయారు.

ఇంకో విషయం మీతో మాట్లాడాలి సార్. మీ ఖాతా పేరులో టీటీడీ అని ఉంది కాబట్టి, మీరు దేవస్థానం తరఫున రాస్తున్నారని చదివేవాళ్లు అనుకోవచ్చు. అందుకే ఇక్కడ సంస్థల పేర్లతో ఖాతాలు ఉంచరు. ఈ సంగతి ఆ రోజే మేం చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. మీరు రాసిందంతా అలాగే ఉంటుంది, కొత్త పేరు కిందికి వస్తుంది. మీ సొంత పేరైనా సరే, కలం పేరైనా సరే. ఎలా మార్చాలో పక్కనుండి చూపిస్తాను. మీకు వీలైన సాయంత్రం చెప్పండి.’

ఇది రాయడానికి పది నిమిషాలు పడుతుంది. అందులో ఏడెనిమిది నిమిషాలు ఆయన పేజీ చదవడానికే పోతాయి. చదవకుండా ఈ సందేశం రాయలేరు, దాని బలం అదే.

‘మేం చెప్పి ఉండాల్సింది’ అన్న వాక్యం మర్యాదకు చేర్చింది కాదు. నిజంగానే తప్పు మీ బృందానిది. నేర్పించే రోజు అందరి ధ్యాసా రాయడం మీదే ఉంటుంది. ఖాతా తెరవడాన్ని ఐదు నిమిషాల్లో ‘ఏదో ఒక పేరు పెట్టుకోండి’ అని దాటించేస్తారు. కొత్తవాళ్లు ఆ గడి ముందు ఏం ఆలోచిస్తారు? తాము దేని గురించి రాయబోతున్నారో అదే పేరనుకుంటారు. సార్ గుళ్ల సమాచారం రాద్దామనుకున్నారు, ఆ మాటే పెట్టుకున్నారు. ఆయన మనసులో అది తన పేరు కూడా కాదు, పుస్తకం అట్ట మీద వేసే శీర్షిక లాంటిది. ఈసారి క్లాసు పెట్టినప్పుడు ఖాతా తెరిచే ముందే బోర్డు మీద ఒక్క మాట రాయండి: ‘ఇది మీ పేరు, మీ ఒక్కరి పేరు. సంస్థది కాదు, షాపుది కాదు, ఫోన్ నంబరు కాదు.’ సగం తలనొప్పి అక్కడే పోతుంది.

కారణం చెప్పేటప్పుడు నిబంధన నంబర్లు, లింకులు కుమ్మరించకండి. అవతలి మనిషి బతికే ఊళ్లోంచే కారణం తీయండి. తిరుపతిలో ఉన్నవాళ్లకు సంస్థ పేరు విలువ గురించి మనం కొత్తగా చెప్పేదేముంది? దర్శనం టికెట్లు, గదుల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టేవాళ్లున్నారని, నమ్మి మోసపోవద్దని దేవస్థానం ఎన్నిసార్లు హెచ్చరించిందో సార్‌కే బాగా తెలిసుంటుంది. తిరుపతి లడ్డు అన్న పేరుకు 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది కూడా ఇంకెవరూ ఆ పేరుతో అమ్ముకోకూడదనే. ‘ఎక్కడో విజయవాడ నుంచి వచ్చే యాత్రికుడు మీ ఖాతా పేరు చూసి, గుడి వేళలు దేవస్థానమే చెప్పిందనుకుంటే ఎలా సార్’ అని అడిగితే ఆయనే ‘అవునమ్మా, నిజమే’ అంటారు. ఆ ‘అవును’ మనం బలవంతంగా రాబట్టింది కాకుండా, ఆయన లోపలి నుంచి రావాలి.

‘తప్పు’ అన్న మాట వాడకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఒకచోట కుదరని పేరు ఇంకోచోట కుదురుతుంది. సంస్థ పేరుతో ఖాతాను ఇంగ్లీషు వికీపీడియాలో ఒప్పుకోరు. జర్మన్ వికీపీడియాలో మాత్రం ఆ సంస్థే నడుపుతోందని ధ్రువీకరించుకుని ఉండనిస్తారు. అంటే ఇది ఇంటి పద్ధతి లాంటిది. కొందరిళ్లలో చెప్పులు గుమ్మం బయట, కొందరిళ్లలో వరండాలో. చెప్పులతో లోపలికొచ్చిన చుట్టాన్ని ఎవరూ కసరరు. ‘ఇక్కడ విడవండి’ అని చోటు చూపిస్తారు.

కలం పేరు అన్నాను కదా, దాని మీద కొంచెం ఆగాలి. ‘పేరు మార్చుకోండి’ అంటే ఏదో పోగొట్టుకుంటున్నట్టు ఉంటుంది. ‘కలం పేరు పెట్టుకుంటారా’ అంటే తెలుగు చదువుకున్నవాళ్ల ముఖం వెలుగుతుంది. పని అదే, అడిగే తీరు వేరు. ఒక్క పేరు చెప్పి ఇదే పెట్టుకోమనకండి. వాళ్లతో మాట్లాడుతూ మూడు నాలుగు బయటికి తీయండి. ఊరి పేరు, ఇంటి పేరు, ఇష్టమైన చెట్టు, చెరువు గట్టు, శేషాచలం కొండల్లో కనిపించే పిట్ట. సార్‌కి పిల్లలు పెట్టిన ముద్దు పేరు కూడా ఒకటి ఉండే ఉంటుంది, అడగండి.

ఇప్పుడు చేతి పని. దీంట్లో మీకు తడబాటు ఉండకూడదు, ఎందుకంటే మీరు తడబడితే ఆయన భయపడతారు.

వాళ్లు ఎంత రాశారో ముందు చూసుకోండి. ఒకటి రెండు చిన్న దిద్దుబాట్లే అయితే పేరుమార్పు దాకా పోనక్కర్లేదు, ఆ ఖాతా వదిలేసి కొత్తది తెరుచుకోవడం సులువు. సార్ పూర్తి పేజీ రాశారు కాబట్టి ఆయనకు పేరుమార్పే న్యాయం. పేజీ చరిత్రలో ఆయన చేసిన ప్రతి మార్పూ కొత్త పేరుతో కనిపిస్తుంది. పేరుమార్పు కోరే ఫారం ఆయనే, తన ఖాతాలో లాగిన్ అయి ఉండి నింపాలి. కొత్త పేరు, కారణం అడుగుతుంది. కారణం ఒక్క వాక్యం చాలు. పెద్దవాళ్లు చాలామంది ‘నువ్వే కొట్టమ్మా, ఇదిగో పాస్‌వర్డ్’ అంటారు. తీసుకోకండి. పక్కన కూర్చుని వేలితో చూపించండి, కొట్టేది వాళ్లే కొట్టాలి.

2015 నుంచి అన్ని భాషల వికీపీడియాలకూ, ఫోటోలు ఉంచే కామన్స్, నిఘంటువైన విక్షనరీ లాంటి సోదర ప్రాజెక్టులకూ కలిపి ఒకటే ఖాతా. కాబట్టి పేరు మార్చే పని ఇప్పుడు తెలుగు నిర్వాహకుల చేతిలో లేదు, అన్నిటికీ కలిపి పేర్లు మార్చే వాలంటీర్లు వేరే ఉన్నారు. కోరుకునే పేరు ఏ భాషలోనూ ఇంకెవరూ తీసుకుని ఉండకూడదు. సార్ ఇష్టపడి పెట్టుకున్న పేరు ‘ఇది ఖాళీ లేదు’ అని వస్తే మళ్లీ నీరుగారిపోతారు. అందుకే మూడు పేర్లు సిద్ధం చేసుకుని, ఖాళీ ఉన్నదేదో మీరు ముందే చూసి వెళ్లండి.

తెలుగు లిపిలో పేరు పెట్టేవాళ్లకు ఒక చిక్కు వస్తుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. ‘రాజ్‌కుమార్’ లాంటి పేరులో పొల్లు విడిగా నిలబడాలంటే, దాని తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరాన్ని మన కీబోర్డు చేరుస్తుంది. వాడుకరి పేర్లలో ఆ కనిపించని అక్షరాన్ని వికీపీడియా తీసుకోదు. అది లేకుండా కొడితే ‘రాజ్కుమార్’ అని కలిసిపోతుంది. తన పేరును కంప్యూటర్ వద్దంటోందని వాళ్లు అనుకుంటారు. మధ్యలో ఖాళీ వదిలి ‘రాజ్ కుమార్’ అని కొట్టమనండి, సరిపోతుంది. అలాగే రోజూ కొట్టాల్సిన పేరు కాబట్టి, ఒత్తులు తక్కువున్నదైతే పెద్దవాళ్లకు సుఖం.

ఇంత చేశాక కూడా మనుషులు జారిపోయే చోటు ఒకటుంది. పేరు మారిన మర్నాడు వాళ్లు అలవాటుకొద్దీ పాత పేరుతో లాగిన్ అవ్వబోతారు, కాదంటుంది. పాస్‌వర్డ్ మర్చిపోయామనుకుంటారు, లేదా ‘చెప్పినట్టే నా ఖాతా తీసేశారు’ అనుకుంటారు. మీ పాత సందేశంలో నిరోధం అన్న మాట ఉంది కాబట్టి సార్ ఈ రెండోదే అనుకునే ప్రమాదం ఉంది. పేరు మారిందని తెలిసిన వెంటనే ఫోన్ చేసి చెప్పండి: పేరు కొత్తది, పాస్‌వర్డ్ పాతదే. ఆయన డైరీలో మొదటి పేజీ మీద కొత్త పేరు అక్షరం పొల్లు పోకుండా రాయించండి. చర్చ పేజీల్లో ఆయన ఇదివరకు చేసిన సంతకాలు పాత పేరుతోనే ఉండిపోతాయని, వాటి వల్ల ఇబ్బందేమీ లేదని కూడా చెప్పండి. ఎప్పుడో అవి చూసి కంగారు పడకుండా.

మిగతావాళ్ల సంగతికి వద్దాం. ట్రావెల్స్ అతనితో మాట్లాడటం తేలిక. అతను బతుకుతెరువు కోసం ఆ పేరు పెట్టుకున్నాడు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుచానూరు దారులన్నీ అరచేతిలో గీతల్లా తెలిసిన మనిషి మీకు దొరికాడు. ముందు ఆ సంగతి అనండి. ఖాతా ఒక మనిషిది కావాలి, రేపు డ్రైవరు, ఎల్లుండి మేనేజరు వాడేది కాకూడదని చెప్పండి. సంస్థ పేరు తీసేసి తన పేరు పెట్టుకుంటే చాలు. ‘ఫలానా ట్రావెల్స్‌లో ఫలానా’ అన్న తరహా పేరును, మనిషి ఎవరో తెలుస్తుంది కాబట్టి ఇంగ్లీషు వికీపీడియా కూడా ఒప్పుకుంటుంది. కానీ తన ట్రావెల్స్ గురించి తానే రాసుకోకూడదన్న మాట కూడా అప్పుడే, అదే నవ్వు ముఖంతో చెప్పేయండి. పేరు మార్పించుకున్నాక ఇంకో నిబంధన, ఆ తర్వాత ఇంకోటి అని విడతలవారీగా వస్తే మనిషికి విసుగొస్తుంది.

ఫోన్ నంబరు పెట్టుకున్న ఆవిడ విషయంలో మాత్రం జాగ్రత్త, దయచేసి ఆలస్యం చేయకండి. ఆవిడ నిబంధన మీరిందని కాదు, ఆవిడకే ప్రమాదం. ఆడమనిషి ఫోన్ నంబరు ప్రపంచం ముందు పరిచి ఉంది. ఆవిడ చర్చ పేజీలో ఏమీ రాయకండి. అక్కడ రాస్తే ఆ నంబరు మీద ఇంకో నలుగురి చూపు పడుతుంది. క్లాసులో పరిచయం ఉంది కాబట్టి నేరుగా కలవండి, లేదా ఫోన్ చేయండి. ఇంకొక సంగతి ముందే చెప్పాలి: మామూలు పద్ధతిలో పేరు మారిస్తే, ఏ పేరు ఏ పేరైందో చూపించే చిట్టా అందరికీ కనిపిస్తుంది. అంటే నంబరు అక్కడ మిగిలిపోతుంది. వ్యక్తిగత వివరాలను అందరి కంటికీ కనిపించకుండా దాచగలిగే అధికారం కొద్దిమందికి ఉంటుంది. వాళ్లకు ఈమెయిల్‌లో రాసి అడగాలి, బహిరంగంగా కాదు. ఈ ఈమెయిల్ ఆవిడతో కలిసి మీరే రాయండి. ఖాతా మొత్తం తీసేయమని ఆవిడ అడగొచ్చు. వికీపీడియాలో ఖాతా తొలగించడమనేది ఉండదు, పేరు మార్చడమే కుదురుతుందని చెప్పండి.

హీరో పేరు పెట్టుకున్న కుర్రాడికి ఒక్క మాట చాలు. ‘ఆయనే వచ్చి రాస్తున్నాడనుకుంటారు తమ్ముడూ’ అంటే వాడికి కొంచెం గర్వంగానూ ఉంటుంది, అర్థమూ అవుతుంది. అభిమాని అని తెలిసేలా పెట్టుకుంటే చిక్కు లేదు. ఇంకో హీరోను కించపరిచే పేరు మాత్రం వద్దని గట్టిగానే చెప్పండి.

బూతు పేరు దగ్గర మీ మంచితనం ఖర్చు పెట్టకండి. కులం పేరుతో తిట్టేది, ఒక మనిషిని గురిపెట్టి వెక్కిరించేది, ఆడవాళ్లను అవమానించేది, ఇలాంటి పేర్లతో బతిమాలుకోవడాలు ఉండవు. నిర్వాహకులకు చెప్పండి, వాళ్లు ఆపేస్తారు. ఆ బూతును మీ సందేశంలో మళ్లీ రాయకండి, చర్చకు పెట్టకండి. అలాంటి పేరు భరించమని మిగతా కొత్తవాళ్లను అడగడం వాళ్ల పట్ల అమర్యాద.

ఇక ‘పూలకుండీ’. మీ బృందంలో అభ్యంతరం చెప్పినవారికి తమిళం వచ్చి ఉంటుంది. తమిళంలో ఆ రెండో మాటకు దగ్గరగా పలికే పదానికి అర్థం వేరు, అది నలుగురిలో అనే మాట కాదు. తెలుగులో మాత్రం కుండీ అంటే కుండీయే, మేడ మీద మల్లెచెట్టు పెట్టుకునేది. నగరి, పుత్తూరు వైపు రెండు భాషలూ ఒకే ఇంట్లో తిరుగుతాయి కాబట్టి ఇలాంటివి తగులుతూనే ఉంటాయి. ఆ అమ్మాయి తెలుగు వికీపీడియాలో, తెలుగు లిపిలో, ‘పూల’ అన్న మాట ముందు పెట్టి మరీ రాసింది. ఆ పేరులో ఏ తప్పూ లేదు. దయచేసి ఆ అమ్మాయిని ఎవరూ కదిలించవద్దు. ‘నీ పేరులో అసభ్యత ఉంది’ అన్న మాట ఒక ఆడపిల్ల చెవిన పడితే ఇక ఆ వైపు చూడదు.

దీని మీద నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, మా ఇంట్లోనే జరిగింది. మా మామగారి పేరు చివర దీక్షితులు అని ఉంటుంది. చాలా ఏళ్ల కిందట ఒక వెబ్‌సైటులో ఆయన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఖాతా తెరవబోయాం. పేరులో అసభ్య పదం ఉందని ఎర్రక్షరాలతో వెనక్కి తోసేసింది. ఇంగ్లీషులో రాస్తే దీక్షితులు మధ్యలో వాళ్ల బూతు మాట ఒకటి పడుతుంది, అదీ సంగతి. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చదివారు. ‘మా తాతల నాటి పేరమ్మా ఇది’ అన్నారు. అంతే అన్నారు. ఎన్నిసార్లు చెప్పినా ఆ తర్వాత ఏ సైటులోనూ ఖాతా తెరవలేదు.

ఇది మన పేర్లకే జరిగేది కాదు. 1996లో ఏఓఎల్ అనే అమెరికా కంపెనీ, ఇంగ్లండులోని స్కంథార్ప్ ఊరివాళ్లను ఖాతాలు తెరవనివ్వలేదు, వాళ్ల ఊరి పేరు మధ్యలో బూతు అక్షరాలు ఉన్నాయని. ఇప్పటికీ ఈ రకం పొరపాటును కంప్యూటర్ వాళ్లు ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. యంత్రం అలా చేసిందంటే దానికి తెలియదనుకోవచ్చు. మనం మనుషులం, ఒక్క ప్రశ్న అడగగలం: ‘ఈ పేరుకు అర్థం ఏమిటమ్మా?’ సందేహం ఉన్న ఏ పేరు దగ్గరైనా మార్చమనే ముందు ఈ ప్రశ్న అడగండి. మనకు నచ్చకపోవడం వేరు, కుదరకపోవడం వేరు. ‘తింగరోడు’ అని పెట్టుకుంటే అది వాడి ఇష్టం. దేవుడి పేరు పెట్టుకున్నారని కూడా ఎవరో అంటారు. మన ఊళ్లో వీధికి నలుగురు వెంకటేశ్వర్లు, ఇద్దరు గోవిందులు ఉంటారు, అది వాళ్ల అమ్మానాన్న పెట్టిన పేరు.

ఇంకొక మాట, మీ బృందానికి. ఒక మనిషితో ఒక్కరే మాట్లాడాలి. ఒకరు మర్యాదగా చెప్పి వెళ్లాక, ఇంకొకరు వచ్చి అదే మాట ఇంకొంచెం గట్టిగా రాయడం, మూడోవారు గడువు పెట్టడం చూస్తుంటాను. అవతలి మనిషికి అది ముగ్గురు మంచివాళ్లలా కనిపించదు, గుంపులా కనిపిస్తుంది. జవాబు రావడానికి వారం పది రోజులు ఆగండి. మనుషులకు పెళ్లిళ్లుంటాయి, జ్వరాలుంటాయి, కొందరికి సందేశం ఎక్కడ చూడాలో కూడా తెలియదు. మంచి పని చేస్తున్న మనిషి పేరు ఇంకో వారం అలాగే ఉన్నంత మాత్రాన కొంప మునగదు.

చివరికి మళ్లీ సార్ దగ్గరికే. ఆయనకు ఇప్పుడు ఇంకో సందేశం రాయకండి. చర్చ పేజీ తెరిచే ధైర్యం ఆయనకు లేదు. పక్కింటివాళ్లను వెంటబెట్టుకుని ఒక సాయంత్రం ఇంటికి వెళ్లండి. కాఫీ ఇస్తారు, తాగండి. ముందు చెరువు గురించే మాట్లాడండి, ఆ పేజీని ఫోన్‌లో తెరిచి, మీకు నచ్చిన పేరా ఆయనకే చదివి వినిపించండి. ఆ తర్వాత ‘ఆ రోజు నేను రాసిన తీరు బాగాలేదు సార్, క్షమించండి’ అనండి. కారణాలు చెప్పుకోకండి. ‘నిబంధన అది కాబట్టి’ అని మొదలుపెడితే క్షమాపణ మళ్లీ నోటీసైపోతుంది. పేరు మాట ఆయనే ఎత్తుతారు. ఎత్తకపోతే ఆ రోజుకు వదిలేయండి, ఇంకోసారి వెళ్లొచ్చు.

ఆ చెరువు పేజీలో ఫోటో ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ కార్తీకంలో వానలు బాగా పడి మరవ పారినప్పుడు చెప్పమని ఆయనను అడగండి. చెప్పిన రోజు సెలవు పెట్టి అయినా సరే వాళ్ల ఊరికి వెళ్లండి. ఫోటో ఆయన ఫోన్‌తోనే, ఆయన చేతే తీయించండి. గట్టు మీదే కూర్చుని కొత్త పేరుతో ఎక్కించొచ్చు.